మెట్లమీది అమ్మాయిలు

క్రితం ఆదివారం మా వెనక వీధిలో గృహప్రవేశానికి వెళ్లాను. ఈ రోజుల్లో గృహప్రవేశమంటే వ్రతమూ భోజనమూ అయ్యాక ఇల్లంతా తిప్పి చూపించడం మూడో ఘట్టం. ఇంటావిడ వంటింటి గట్టు మొదలుకొని దేవుడి గది తలుపుకు కట్టిన గంటలదాకా ఒక్కటీ వదలకుండా చూపించింది. చివరికి హాల్లో టీవీ పక్కన గోడకున్న చిన్న ఇనప తలుపు తెరిచింది. గోడలో గూడు తవ్వించి, రేకు పెట్టె అమర్చి, ఇంటర్నెట్టు వాళ్లిచ్చిన వై-ఫై పెట్టెనూ దాని తీగలన్నిటినీ అందులో దాచేసింది. తలుపుకు గోడ రంగే వేయించింది. మూస్తే అక్కడొక వస్తువుందని కూడా తెలియదు.

"ఎంత ముచ్చటగా ఉందో చూశారా! ఆ తీగలన్నీ వేలాడుతూంటే నాకు చిరాకండీ," అంది.

"మేడమీద గదిలో అందుతోందా?" అని అడిగాను.

ఆవిడ మొహం చిన్నబోయింది. "అదేమిటోనండీ, అందటం లేదు. మా అబ్బాయి రోజూ ఆ కంపెనీవాళ్లతో ఫోనులో దెబ్బలాడుతున్నాడు."

కంపెనీవాళ్లతో దెబ్బలాడవలసిన సందర్భాలు బోలెడుంటాయి గాని, ఇది వాటిలో చేరదు. ఆ ఇనప తలుపు చూడగానే నాకు అటువంటివే మరో ఆరు పెట్టెలూ, వాటి ఆరు తాళంచెవులూ జ్ఞాపకం వచ్చాయి. ఆవిడతో అక్కడికక్కడ టూకీగా చెప్పాను. మీకు పూర్తిగా చెబుతాను. తప్పు నాదే గనుక ఎవరికీ మొహమాటపడవలసిన పనిలేదు.

నేను చదివింది తెలుగు ఎం.ఏ. ప్రబంధాలూ ఛందస్సూ చెప్పుకునే మనిషిని. కాని కాలేజీలో ఆడ లెక్చరరు కాస్త గట్టిగా మాట్లాడుతుందని పేరు పడితే చాలు, హాస్టలు వార్డెను పని తెచ్చి నెత్తిన పెడతారు. అలాగే నాకూ పెట్టారు. మూడంతస్తుల పాత మేడ. ప్రతి అంతస్తులోనూ మధ్యన పొడుగాటి నడవా, రెండు పక్కలా గదులు. నేను చార్జీ పుచ్చుకున్న ఏడాదే నడవాల్లో, అంతస్తుకు రెండు చొప్పున, ఆరు ఆక్సెస్ పాయింట్లు బిగించారు.

ఈ మాట కొత్తగా వినేవాళ్లకోసం చెబుతున్నాను. ఇంట్లో అయితే ఒక్క రూటరు సరిపోతుంది. హాస్టలంతటికీ ఒక్కటి చాలదు. అంచేత ఒకే కనెక్షన్ను తీగలమీద అక్కడక్కడికి తీసుకుపోయి, ఒక్కొక్క చోట పళ్లెంలాంటి తెల్లని పరికరం తగిలిస్తారు. అక్కణ్ణుంచి ఫోన్లకు గాలిలో అందుతుంది. వైర్‌లెస్సును మన పెద్దలు నిస్తంత్రి అన్నారు. తంత్రి అంటే తీగ, అది లేనిది నిస్తంత్రి. చక్కటి మాటే గాని, మా నడవా కప్పుకింద ఆ నిస్తంత్రి కోసం లాగిన తీగలు చూస్తే నాకు నవ్వొచ్చేది. ఆ తీగ ఒక్కటే కరెంటునూ కబుర్లనూ కూడా మోస్తుంది. పరికరానికి విడిగా ప్లగ్గు అక్కర్లేదు. 2003లో దీనికి అంతర్జాతీయంగా ఒక ప్రమాణం కుదిరింది. తీగ 100 మీటర్లదాకా పోవచ్చు. అందుకే కప్పుమీదా, మూలల్లోనూ, ప్లగ్గు లేనిచోట కూడా వీటిని తగిలించగలుగుతున్నారు.

మూడు నెలలు తిరక్కుండా మా ఆరింట్లో ఒకటి మాయమైంది. ఎవరు పట్టుకుపోయారో ఈనాటికీ తెలియదు. ఇంకోదాన్ని కోతులు లాగి పడేశాయి. మా ఊళ్లో కోతుల సంగతి చెప్పనక్కర్లేదు. వెంటిలేటరులోంచి దూరి, మెస్సులో అరటిపళ్ల గెల సాంతం తిని, పోతూపోతూ ఆ తెల్ల పళ్లేన్ని కూడా ఓ చూపు చూసిపోయాయి. కమిటీ సమావేశంలో అందరూ తలలు పట్టుకున్నారు. నేను పూలకుండీకి కూడా గొలుసు కట్టే మనిషిని. "దీనికింత ఆలోచనెందుకు? వెల్డింగు దుకాణంలో మంచి మందపాటి రేకుతో పెట్టెలు చేయించి, గోడకు బిగించి, తాళాలు వేస్తే సరి," అన్నాను. గాలి ఆడటానికి తలుపుకు బఠాణీగింజంత రంధ్రాలు కూడా పెట్టించాను. ఆ రంధ్రాలలోంచి లోపలి ఆకుపచ్చ దీపం మిణుకు మిణుకుమంటూ కనిపించేది. దీపం వెలుగుతోంది, తాళం ఉంది, కోతి దూరదు. అందరూ మెచ్చుకున్నారు. బిల్లుమీద "పనులు తృప్తికరముగా జరిగినవి" అని నేనే సంతకం చేశాను.

ఆ తరవాత కొన్నాళ్లకు మేట్రను వచ్చి ఫిర్యాదు చేసింది. రాత్రి పదీ పదకొండు గంటలవేళ అమ్మాయిలు గదుల్లో ఉండటం లేదట. కింది అంతస్తు మెట్లమీద గుంపుగా కూచుని ఫోన్లు చూసుకుంటున్నారట. నేను వెళ్లి చూశాను. నిజమే. పదిహేను, ఇరవైమంది. మెట్టుకిద్దరు. చేతుల్లో ఫోన్లు, మొహాలమీద వెలుగు. నన్ను చూడగానే గప్‌చిప్‌గా లేచి పైకి పోయారు.

ఆడపిల్లల హాస్టల్లో రాత్రిపూట మెట్లమీద ఫోన్లంటే వార్డెనుకు మొదట ఏ ఆలోచన వస్తుందో పాఠకులకు చెప్పనక్కర్లేదు. నాకూ అదే వచ్చింది. ఇంకో ఆలోచన రాలేదు. తొమ్మిది దాటాక మెట్లమీద ఎవరైనా కనిపిస్తే తల్లిదండ్రులకు తెలియపరచబడును అని నోటీసు రాసి, నా చేత్తో జిగురు పూసి అంటించాను. గదిలో కూచుని ఎందుకు చూసుకోకూడదని నేను ఒక్కర్తినీ అడగలేదు.

నాలుగు రోజులకి ఫైనలియరు అమ్మాయి ఒకతె పట్టుబడింది. రెండోసారి మళ్లీ అదే అమ్మాయి. రిజిస్టరులో రాశాను. ఇంటికి ఉత్తరం వెళ్లింది.

తండ్రి మర్నాడు కాక ఎల్లుండి పొద్దున్నే వచ్చాడు. మెట్ట ప్రాంతం మనిషి. కౌలు వ్యవసాయం. మొదటి బస్సు పట్టుకుని, మధ్యలో ఇంకో బస్సు మారి వచ్చాడట. కుర్చీ చూపిస్తే కూచోలేదు. తువ్వాలు చేత్తో పట్టుకుని నిలబడ్డాడు.

"అమ్మగారండీ, మా పిల్ల ఏం తప్పు చేసిందండీ? ఊళ్లో ఎవరికీ చెప్పకుండా వచ్చానండి," అన్నాడు.

ఆ చివరి మాట నాకిప్పటికీ చెవిలో ఉంది. ఊళ్లో ఎవరికీ చెప్పకుండా వచ్చాడు. హాస్టలునుంచి ఆడపిల్లమీద ఉత్తరం వచ్చిందంటే ఊరు ఏమనుకుంటుందో ఆయనకి తెలుసు. నాకూ తెలిసి ఉండాల్సింది.

అమ్మాయిని పిలిపించాను. ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. ఫోను తీసి నా బల్లమీద పెట్టింది. "స్కాలర్‌షిప్పు రెన్యువలండి. సర్టిఫికెట్లు అప్‌లోడు చెయ్యాలండి. నా గదిలో సిగ్నలు అందదు. నడవాలోనూ అందదు. మెట్లమీద ఆఫీసుది అందుతుందండి. పగలు క్లాసులు కదండీ. రాత్రి ఎనిమిదికి మెస్సు. ఏడుసార్లు మొదలెట్టానండి, సగంలో ఆగిపోయింది," అంది.

"నడవాలో రెండు పెట్టి ఉన్నాయి గదా? దీపాలు వెలుగుతున్నాయి గదా?" అన్నాను.

"దీపాలు వెలుగుతాయండి," అంది.

ఆ అమ్మాయితో కలిసి మూడో అంతస్తుకి వెళ్లాను. గదిలోకి వెళ్లి నా ఫోను చూసుకున్నాను. ఏమీ లేదు. నేను వార్డెనునై అప్పటికి ఏడాదిన్నర. ఆ గదుల్లో నా ఫోను తీసి చూడటం అదే మొదలు. నా క్వార్టర్సులో నాకు వేరే కనెక్షను ఉంది. ఇంక చూడవలసిన అవసరం నాకేముంది!

తండ్రికి క్షమాపణ చెప్పాను. బస్సు చార్జీలు ఇస్తానంటే పుచ్చుకోలేదు. "పిల్ల తప్పు లేదన్నారు, చాలండి," అని, ఆ మాట ఒక కాగితంమీద రాసివ్వమన్నాడు. రాసిచ్చాను. మడిచి జేబులో పెట్టుకున్నాడు. దాన్ని ఎవరికి చూపించాలనుకున్నాడో నేనడగలేదు.

ఆ మధ్యాహ్నమే మా ఫిజిక్సు మాస్టారి దగ్గరికి వెళ్లాను. రిటైరుమెంటుకి రెండేళ్లున్న పెద్దాయన. సంగతంతా విని, "ఏమ్మా, మైక్రోవేవ్ ఓవెను ఉందా మీ ఇంట్లో?" అన్నాడు.

ఉందన్నాను.

"దాని తలుపుకి గాజు వెనకాల చిల్లులున్న రేకు ఒకటి ఉంటుంది, ఎప్పుడైనా చూశావా? లోపల దీపం కనిపిస్తుంది, అన్నం తిరగడం కనిపిస్తుంది. కాని వేడిచేసే తరంగాలు బయటికి రావు. వస్తే మనకు ప్రమాదం గదా. వెలుగు అలలు మిల్లీమీటరులో వెయ్యో వంతుకన్నా చిన్నవి. చిల్లులోంచి సులువుగా వచ్చేస్తాయి. ఓవెను తరంగం పొడుగు సుమారు 12 సెంటీమీటర్లు. దానికి ఆ చిల్లుల రేకూ ఒకటే, చిల్లుల్లేని రేకూ ఒకటే. ఇప్పుడు చెప్పు. మీ వై-ఫై తరంగం పొడుగెంతో తెలుసా? 2.4 గిగాహెర్ట్జు రకమైతే అదీ 12 సెంటీమీటర్లే. 5 గిగాహెర్ట్జుదయితే సుమారు ఆరు. నువ్వు చేయించినవి ఆరు ఓవెన్లమ్మా!"

నమ్మలేదని కాదు గాని, కళ్లారా చూడాలనిపించింది. ఆ సాయంత్రం ఇంటికి పోయి, కందిపప్పు డబ్బా ఖాళీ చేసి, మా వారి ఫోను అందులో పెట్టి మూత వేసి నా ఫోనులోంచి పిలిచాను. డబ్బాలోంచి భేషుగ్గా మోగింది. మా వారు నవ్వారు. మూత సరిగా కూచోలేదని అప్పుడు చూశాను. రెండు చేతులతో అదిమి మళ్లీ పిలిచాను. ఈసారి మోగలేదు. ఎక్కడ సన్నని సందు ఉన్నా కొంత కారుతుందన్నమాట. మా నడవాలో పెట్టె కిందనే నిలబడితే ఏదో కాస్త అందుతూండటానికి కారణం కూడా అదే.

మర్నాడు మాస్టారు వచ్చి తన ఫోనులో కొలిచి చూపించారు. ఈ కొలత డెసిబెళ్లలో ఉంటుంది. పెట్టె తలుపు తెరిచి కొలిస్తే మైనస్ 52. మూసి కొలిస్తే మైనస్ 84. "32 తగ్గింది. ఏముంది?" అన్నాను. మాస్టారు బోర్డుమీద రాసి చెప్పారు. 10 తగ్గితే పదోవంతు మిగిలినట్టు, 20 తగ్గితే నూరోవంతు, 30 తగ్గితే వెయ్యోవంతు. అంటే నా తాళం వెయ్యి పాళ్లలో ఒక్క పాలు కూడా సరిగా బయటికి పోనివ్వలేదు. ఆ మిగిలిందానికి గదుల ఇటికగోడలు అడ్డం, గోడకు చేర్చిన ఇనప బీరువాలు అడ్డం.

గోడలంటే గుర్తొచ్చింది. 1895లో కలకత్తాలో జగదీశ్ చంద్ర బోసు ఈ జాతి తరంగాలనే, వీటికన్నా ఇంకా పొట్టివి, గోడలగుండా పంపి, అవతలి గదిలో గంట మోగించి, తుపాకిమందు పేల్చి చూపించాడు. అంతకు చాలా ముందు, 1836లో, ఇంగ్లండులో ఫారడే లోహపు రేకు తొడిగిన పెద్ద పంజరం ఒకటి కట్టించి, బయట ఎంత విద్యుత్తు ప్రయోగించినా లోపలికి తెలియదని తానే లోపల కూచుని రుజువు చేశాడు. గోడ దాటిస్తుందనీ, రేకు దాటనివ్వదనీ వందేళ్లపైబడి తెలిసిన సంగతే. తెలియనిదల్లా మా కమిటీకి. ఆ కమిటీలో సైన్సువాళ్లు కూడా ఇద్దరున్నారు. నా గట్టి గొంతుకి వాళ్లూ నోరెత్తలేదు కాబోలు.

ఇక మళ్లీ పని మొదలుపెట్టాం. కోతులూ దొంగలూ ఎక్కడికీ పోలేదు గనుక ఊరికే విప్పి పడేస్తే కుదరదు. ఈ పరికరాలకోసమే చేసిన పెట్టెలుంటాయని అప్పుడు తెలిసింది. అమెరికాలో మా అన్నయ్య కొడుకు ఆస్పత్రుల్లో ఈ పనులు చేయిస్తూంటాడు. వాడికి ఫోను చేస్తే గంటసేపు చెప్పాడు. అక్కడ ఆస్పత్రుల్లో కప్పుకింద ఇంకో తేలిక కప్పు పలకలతో కడతారు. ఆ పలక ఎత్తడానికి ఇష్టం వచ్చినట్టు వీల్లేదట. పైన పేరుకున్న దుమ్ములో బూజు బీజాలుంటాయి. ఆస్పర్జిల్లస్ అనే బూజు బలహీనంగా ఉన్న రోగుల ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రాణంమీదికి వస్తుంది. అందుకని పలక ఎత్తాలంటే ప్లాస్టిక్కు గుడారం కట్టి, అనుమతి తీసుకుని ఎత్తాలి. ఆక్సెస్ పాయింటును పెట్టెలో పెట్టి కప్పులోకి దిగేస్తే, రిపేరుకి వచ్చినవాడు కింది తలుపు తాళం తీసి తన పని చూసుకుంటాడు. పలక కదలదు, దుమ్ము రాలదు. పెట్టె వీపు మాత్రం రేకే. ఎందుకంటే కొన్ని భవనాల్లో గది గాలి తిరిగి యంత్రానికి పోయేది ఆ పలకల పైనుంచే. అక్కడ ప్లాస్టిక్కు అంటుకుంటే పొగ ఇల్లంతా తిరుగుతుంది. కాబట్టి పైనంతా రేకు, కిందికి చూసే తలుపు ప్లాస్టిక్కు. తీగ దూరే రంధ్రం కూడా పూడ్చేస్తారు.

"అత్తా, నువ్వు ఇనుము వాడటం తప్పు కాదు. మొహానికి కూడా ఇనుమే తొడిగావు, అదీ తప్పు," అన్నాడు. మేనత్తని గదా, కొంచెం మెత్తగానే చెప్పాడు.

మా చదువుల హాలుకు ఎండ వేడికని పలకల కప్పు ఉంది, రెండడుగుల చదరం పలకలు. అక్కడ ఒక పలక తీసేసి ఆ స్థానంలో పెట్టె కూచోబెట్టారు. ఎలక్ట్రిక్ మేస్త్రీ దాన్ని పలకల చట్రంమీద ఉంచి ఊరుకోబోతే మా అన్నయ్య కొడుకు చెప్పింది జ్ఞాపకం వచ్చి ఆపాను.

"మేస్త్రీ, పైన స్లాబుకి మేకు కొట్టి తీగతో విడిగా కట్టు."

"ఎందుకమ్మగారూ, చట్రం మొయ్యదాండీ?"

"పలకలు మోసే చట్రం పెట్టెను కూడా మొయ్యాలని ఎక్కడుంది? కింద పిల్లలు చదువుకుంటారు."

నాలుగు మూలలకీ నాలుగు తీగలు కట్టాడు. కేబులు ఒక మూర ఎక్కువ వదిలి చుట్టలా పెట్టించాం, రేపు కిందికి దించి చూడాలంటే లాగకుండా. ఆ పని నాకు చాలా నచ్చింది. చీరకి కుచ్చిళ్లు వదిలినట్టు.

నడవాల్లో పలకలు లేవు, ఉత్త స్లాబే. అక్కడ హెల్మెట్టు ముందు అద్దం చేసేటటువంటి గట్టి ప్లాస్టిక్కు, పాలీకార్బొనేటు, దానితో చేసిన పెట్టెలు స్లాబుకే బిగించాం. గోడకు కాదు. ఈ పళ్లేల్లో ఆంటెనాలు కిందికీ నాలుగు పక్కలకీ గొడుగు విప్పినట్టు పరిచేలా అమర్చి ఉంటాయి. గోడకు నిలబెడితే గొడుగు పక్కకు వాలినట్టే, కొంత వీధిపాలు. రెండు పెట్టెల్ని నడవాలోంచి గదులవైపు జరిపాం. గాలి ఆడే చీలికలు పక్కలకు ఉంచాం. చాలా పరికరాలకి 40 లేక 50 డిగ్రీల వేడిదాకానే పూచీ. మా ఊరి మే నెలలో మూసిన పెట్టెలో అదెంతసేపు! తాళాలు మాత్రం ఉన్నాయి. తాళం విషయంలో నేను మారలేదు.

పని పూర్తయ్యాక ఈసారి బిల్లుమీద సంతకం చేసేముందు ప్రతి గదికీ వెళ్లాను. నాతో ఆ అమ్మాయిని తీసుకువెళ్లాను. తలుపు వేసి, బీరువా పక్కనున్న మంచంమీద కూచుని తన ఫోనులో చూసి అంకె చెప్పేది. నేను కాగితంమీద రాసుకున్నాను. మూడు గదుల్లో ఇంకా తక్కువే ఉంది. ఒక పెట్టెను మళ్లీ విప్పించి నాలుగు గజాలు జరిపించాం. మేస్త్రీ గొణిగాడు. గొణగనీ.

స్కాలర్‌షిప్పు గడువు అప్పటికి దాటలేదు. సర్టిఫికెట్లు తన మంచంమీద కూచునే పంపింది. రిజిస్టరులో ఆ పేరుకెదురుగా రాసింది కొట్టేసి, పక్కన నా పొరపాటని రాసి సంతకం పెట్టాను. ఆ అమ్మాయి నాతో అటుతరవాత మామూలుగానే మాట్లాడింది. కాని క్లాసులో ముందు బల్లమీద కూచునేది కాస్తా మూడో బల్లకు మారింది. నేను కారణం అడగలేదు.

నోటీసు చింపేశాను. జిగురు బాగా పూశాను కాబోలు, సగం గోడమీదే ఉండిపోయింది. తడిగుడ్డతో తుడవవలసి వచ్చింది. రాత్రిళ్లు మెట్లమీద ఇప్పటికీ ఇద్దరు ముగ్గురు కూచుంటారు. అక్కడ గాలి బాగుంటుందట.

నిన్న సాయంత్రం వెనక వీధి ఆవిడ కబురు చేసింది. ఇనప తలుపు తీయించేసి, వడ్రంగి చేత చెక్క తలుపు పెట్టిస్తోందట. లోపలి రేకు పెట్టె కూడా తీసేసి, లేకపోతే రూటరును దాని ముందుకి తెచ్చి పెట్టమన్నాను. తలుపుకు పైన అంటించే ముస్తాబు కాగితంలో అల్యూమినియం రేకు లేకుండా చూసుకోమని కూడా చెప్పాను. ముందు కొన్నాళ్లు తలుపు లేకుండా ఉంచి, వాళ్లబ్బాయిని మేడమీద గదిలో కూచోబెట్టి చూడమన్నాను. తీగలు కనిపిస్తాయని ఆవిడ ఇంకా సంకటపడుతూనే ఉంది.